మిగిలిందెంత, పోయిందెంత: హైటెక్ సిటీ కార్బన్ లెక్క

మొన్న ఆదివారం కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వాటర్ ప్యూరిఫైయర్ ఫిల్టర్లు మార్చడానికి ఓ కుర్రాడొచ్చాడు. మూడు తెల్లటి గొట్టాలు ఊడదీసి పక్కన పెట్టాడు. "ఇది సెడిమెంట్, ఇది కార్బన్, ఇది మెంబ్రేన్ సార్" అన్నాడు. కార్బన్ అన్నదాన్ని మాత్రం పారెయ్యొద్దని చెప్పి ఉంచుకున్నాను. అతను వెళ్లాక హ్యాక్సా బ్లేడుతో గొట్టాన్ని అడ్డంగా కోసి పాత పేపరు మీద గుమ్మరిస్తే ఆవగింజంత నల్లటి పలుకులు జలజలా రాలాయి. బాల్కనీలో రెండు రోజులు ఎండబెట్టి వంటింటి త్రాసులో వేస్తే 140 గ్రాములు తూగాయి.

ఆ 140 గ్రాముల్లో 34 ఎకరాలున్నాయి. మాటవరసకు అనడం లేదు, లెక్కే అంత. యాక్టివేటెడ్ కార్బన్ అనే ఈ బొగ్గుకు పలుకు పలుకులోనూ కంటికి కనపడని సందులుంటాయి. ఆ సందుల గోడలన్నీ విప్పి పరిస్తే గ్రాముకు సుమారు 1,000 చదరపు మీటర్లు, మన లెక్కలో 10,700 చదరపు అడుగులు వస్తాయి. పదిహేను వందల అడుగుల త్రిబుల్ బెడ్‌రూం ఫ్లాట్లు ఏడన్నమాట, ఒక్క గ్రాముకి! నీళ్లలోని వాసనలూ రంగూ కొన్ని రసాయనాలూ ఆ గోడలకే అంటుకుపోతాయి. గోడలు నిండిపోయిన రోజున కుర్రాడు కొత్త గొట్టం పట్టుకొస్తాడు. ఈ ఐటీ కారిడార్‌లో ఇంత చవగ్గా 34 ఎకరాలు ఇంకెక్కడా దొరకవు.

ఆ నల్ల పలుకులు ఎక్కడివి? మన కాళ్ల కిందివైతే కావు. దుర్గం చెరువు ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనపడే బండరాళ్లు గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటి నిండా సిలికా, అల్యూమినియం, పొటాషియం, సోడియం ఉంటాయి గానీ చెప్పుకోదగ్గ కార్బన్ లేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్న నాటి నుంచి నేటి దాకా ఈ బండల మీదికి చేరిన ప్రతి గ్రాము కార్బనూ బయటి నుంచి వచ్చిందే. ఎలా వచ్చిందో చూడాలంటే ప్రతి చోటా రెండు అంకెలు అడగాలి: చేతిలో మిగిలిందెంత, పొగలో పోయిందెంత? వ్యాపారి పుస్తకంలో మొదటిదే ఉంటుంది. రెండోది మనమే వేసుకోవాలి.

మా ఫిల్టర్‌లోనిది కొబ్బరి చిప్ప బొగ్గు. తాగునీటి ఫిల్టర్లకు దీనిదే పెద్దపీట. కోనసీమలో, అంబాజీపేట మార్కెట్ చుట్టుపక్కల, కొబ్బరి తీసేశాక మిగిలే చిప్పల రాశులు చూసినవాళ్లకు ఈ సరుకు కొత్త కాదు. ఎండిన చిప్ప బరువులో ఇంచుమించు సగం కార్బన్. మిగతా సగం ఆక్సిజన్, హైడ్రోజన్. వాటిని తరిమేయాలి, కార్బన్‌ని మాత్రం పోనివ్వకూడదు. అందుకని గాలి తగలకుండా కాలుస్తారు. గాలి తగిలిందా, కార్బన్ కూడా వాటితో లేచిపోతుంది. అలా 100 కిలోల చిప్పలు కాలిస్తే 30 కిలోల బొగ్గు మిగులుతుంది. దాన్ని 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో ఆవిరితో మళ్లీ తొలుస్తారు. ఆవిరి కొంత కార్బన్‌ని తినేసి, తిన్నచోట సందులు వదులుతుంది. చివరికి మిగిలేది 12 నుంచి 15 కిలోలు. ఆ లెక్కన నా 140 గ్రాములకు కిలో పైచిలుకు చిప్పలు కావాలి. చిప్ప 150 గ్రాములనుకుంటే ఏడు కాయల పెంకులు.

చెట్టు వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా పెద్దది. గాలిలో పది లక్షల అణువులకు 420 పైచిలుకే కార్బన్ డయాక్సైడ్. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు అది 315 చుట్టూ ఉండేది. పెరిగింది, భయపడాల్సినంత పెరిగింది. అయినా చెట్టుకి అది ఇప్పటికీ పల్చటి చారే. ఒక ఘనపు మీటరు గాలి మొత్తం జల్లెడ పట్టినా దొరికే కార్బన్ 0.2 గ్రాములు. కిలో కావాలంటే 5,000 ఘనపు మీటర్లు. మా ఫ్లాట్ 1,500 అడుగులు, ఎత్తు పదడుగులు. నేల నుంచి కప్పు దాకా నిండిన గాలి 425 ఘనపు మీటర్లు. అంటే కిలో కార్బన్‌కి పన్నెండు ఫ్లాట్ల గాలి పడుతుంది. ఒక్క కొబ్బరి చిప్పలోని 75 గ్రాముల కోసం ఆ చెట్టు దాదాపు మా ఇంటి గాలంతా వడగట్టింది. కరెంటు లేదు, చప్పుడు లేదు. కార్బన్ సంపాదించే పద్ధతుల్లో అన్నిటికంటే కష్టమైనది ఇదే. మిగతావన్నీ దీని మీద బతికేవే.

తెలుగులో ఒక చిక్కుంది. చెట్టు నుంచి వచ్చిందీ బొగ్గే, గని నుంచి వచ్చిందీ బొగ్గే. పెద్దవాళ్లు ఒకదాన్ని కర్ర బొగ్గు అనీ రెండోదాన్ని రాక్షసి బొగ్గు అనీ విడదీసి పిలిచేవారు. ఇప్పుడా రెండు మాటలూ పలచబడ్డాయి గానీ తేడా తెలియాలంటే వానాకాలం సాయంత్రం ఐటీ ఆఫీసుల గేట్ల ముందు మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర నిలబడితే చాలు. అక్కడ కుంపట్లో ఉండేది కర్ర బొగ్గు. చాలా చోట్ల ఇది సర్కారు తుమ్మది. చెరువు గట్లనీ బీడు భూముల్నీ ఆక్రమించిన ముళ్ల చెట్టు అది. నరికి, పేర్చి, మట్టీ గడ్డీ కప్పి, లోపల నిప్పు పెట్టి రోజుల తరబడి మగ్గబెడతారు. బొగ్గుల బట్టీ అంటే అదే. వంద కిలోల ఎండు కట్టెలో 50 కిలోల కార్బన్ ఉంటుంది. మట్టి బట్టీ నుంచి దిగే బొగ్గు 15 నుంచి 20 కిలోలు, అందులో అసలు కార్బన్ ముప్పాతిక వంతు. కలిపి చూస్తే 15 కిలోలైనా మిగలడం గగనం. మిగతా 35 కిలోలూ బట్టీ నెత్తిన తెల్లటి పొగై, తారై, మసై పోతుంది.

నేను కంకి కొనే బండి ఆమె రాత్రి తొమ్మిదికి కుంపటి మీద చెంబుతో నీళ్లు చిలకరిస్తుంది. చుయ్ మని ఆవిరి లేస్తుంది. సగం కాలిన ముక్కల్ని ఏరి గోనెసంచిలో వేసుకుంటుంది. "ఊకె ఇడిస్తే పొద్దుగాలకు బూడిదైతది సార్, నీళ్లు కొడితే రేపటికి మిగుల్తది" అంది ఒకసారి. అన్ని బట్టీల, ఫర్నేసుల సూత్రమూ ఇదే: సగంలో ఆపడం.

ఆపడంలో గొప్ప ఒడుపు మసి చేసేవాళ్లది. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది. వత్తి దగ్గర గాలి చాలక నూనెలోని కార్బన్ పూర్తిగా కాలదు, చల్లటి పళ్లేనికి తగిలి అంటుకుంటుంది. కార్బన్ బ్లాక్ పరిశ్రమ చేసేది అచ్చంగా ఇదే, కొలత వేరు. 1,400 డిగ్రీలు దాటిన కొలిమిలోకి చిక్కటి నూనె చిమ్ముతారు, సెకనులో చిన్న వంతు గడిచేలోపు నీళ్లు కొట్టి ఆపేస్తారు. టన్ను మసికి టన్నున్నర నుంచి రెండు టన్నుల నూనె పడుతుంది. ఆ మసి టైరులో కలుస్తుంది. కారు టైరు బరువులో పావు వంతు పైన అదే. సదాశివపేటలోని ఎమ్మారెఫ్ ఫ్యాక్టరీ లాంటిచోట రబ్బరుకి నలుపూ గట్టిదనమూ వచ్చేది దానివల్లే. కారుకి నాలుగు టైర్లు, టైరుకి రెండున్నర కిలోల కాటుక. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆగిపోయినప్పుడు ముందూ వెనకా కార్లు లెక్కపెట్టి పది చేత గుణించుకోండి. ఎలాగూ వేరే పని ఉండదు.

ఇక హైదరాబాద్ పేరు ప్రపంచ మార్కెట్లో వినపడే కార్బన్ సంగతికి వద్దాం. దీన్ని కళ్లతో చూసినవాళ్లు ఈ ఊళ్లో తక్కువ. శ్రీనగర్ కాలనీలో రెయిన్ సెంటర్ అని ఒక ఆఫీసు ఉంది. రెయిన్ ఇండస్ట్రీస్ కేంద్రం అదే. సిమెంటుతో మొదలైన ఈ సంస్థ 2007లో అమెరికా కంపెనీ సీఐఐ కార్బన్‌ని కొంది, 2013 నాటికి జర్మన్ మూలాలున్న రుట్‌గర్స్‌నీ కలుపుకుంది. మొదటిది పెట్రోలియం కోక్‌ది, రెండోది తారుది. రెండూ కలిస్తే అల్యూమినియం.

వివరం ఇదీ. రిఫైనరీలో ముడి చమురు నుంచి పెట్రోలు, డీజిలు, కిరోసిన్ అన్నీ పిండుకున్నాక అడుగున జిడ్డు మిగులుతుంది. దాన్ని కూడా ఉడికించి పిండితే చివరికి నల్లటి గడ్డలొస్తాయి. వ్యాపారంలో దీన్ని గ్రీన్ కోక్ అంటారు. నలుపు వస్తువుకి గ్రీన్ ఏమిటని బయటివాళ్లు తికమకపడతారు గానీ మనకు ఆ ఇబ్బంది లేదు. పచ్చి ఇటుక మట్టి రంగులోనే ఉంటుంది. ఇదీ ఆ పచ్చే, ఇంకా కాలనిది. దీన్ని విశాఖపట్నంలో తిరిగే పొడవాటి గొట్టపు కొలిమిలో 1,200 నుంచి 1,350 డిగ్రీల దాకా కాలుస్తారు. తడి, మండే వాయువులు, కొంత కార్బన్ పోగా వంద టన్నులకు 75 నుంచి 80 టన్నులు మిగులుతుంది. కరెంటుని బాగా మోసే గట్టి కార్బన్ అది. కోల్‌తార్ నుంచి తీసిన పిచ్‌తో ముద్ద చేసి, మళ్లీ కాల్చి, దిమ్మెలు పోస్తారు. ఆ దిమ్మెలే అల్యూమినియం తొట్టెల్లో యానోడ్లు.

తొట్టెలో జరిగేది 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ విడివిడిగా కనిపెట్టిన పద్ధతి. అల్యూమినా అంటే అల్యూమినియం, ఆక్సిజన్‌ల గట్టి ముడి. దాన్ని విప్పడానికి కరెంటొక్కటే సరిపోదు, ఆక్సిజన్‌ని తీసుకుపోవడానికి ఎవరో ఒకరు కావాలి. కార్బన్ ఆ పని చేస్తూ కరిగిపోతుంది. కాగితం మీద కిలో అల్యూమినియానికి 333 గ్రాముల కార్బన్ చాలు, ఫ్యాక్టరీలో 400 గ్రాములు దాటుతుంది. మైండ్‌స్పేస్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఈ అద్దాల మేడల్ని చూసినప్పుడు అద్దాన్ని పట్టి ఉంచే చట్రాల్ని చూడండి. చట్రం పది కిలోలుంటే, దాని వెనక నాలుగు కిలోల యానోడ్ ఎక్కడో కార్బన్ డయాక్సైడ్ అయిపోయింది. కార్బన్ ఒక్క గ్రామూ మేడ దాకా రాలేదు. పని చేసిపెట్టి వెళ్లిపోయింది.

కాలుష్యం మాటా చెప్పుకోవాలి. పెట్రోలియం కోక్‌లో గంధకం ఉంటుంది. దాన్ని నేరుగా బాయిలర్లలో మండించడం ఢిల్లీ చుట్టుపక్కల గొడవైతే 2017లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతంలో ఇంధనంగా నిషేధించింది. 2018లో యానోడ్‌ల కోసం కోక్ కాల్చే కంపెనీలకు ఏడాదికి 14 లక్షల టన్నులకు మించి పచ్చి కోక్ దిగుమతి చేసుకోవద్దని పరిమితి పెట్టింది. నా మట్టుకు ఆ తేడా సబబే అనిపిస్తుంది. ఒకటి పొయ్యిలో కట్టె, రెండోది ముడిసరుకు. పొగ విషయంలో మాత్రం రెండూ చుట్టాలే.

ఇదే కోక్‌ని ఇంకా పైకి, 2,800 డిగ్రీలు దాటించి కాలిస్తే గ్రాఫైట్ అవుతుంది. అప్పటిదాకా చిందరవందరగా ఉన్న కార్బన్ అణువులు పొరలు పొరలుగా సర్దుకుంటాయి. లిథియం బ్యాటరీలో చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం వెళ్లి కూర్చునేది ఆ పొరల మధ్యే. కిలోవాట్ అవర్‌కు ఇంచుమించు కిలో గ్రాఫైట్ పడుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో 50 గ్రాములు, ఓ మోస్తరు ఎలక్ట్రిక్ కారులో 40 కిలోలు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా కడుతున్న సెల్ ఫ్యాక్టరీ అనుకున్నట్టు 16 గిగావాట్ అవర్లకు చేరితే ఏడాదికి 16,000 టన్నులు కావాలి. గ్రాఫైట్ మన కొండల్లో లేకపోలేదు. విశాఖ చుట్టూ ఉన్న ఖొండలైట్ రాయిని పగలగొడితే వెండి రంగు రేకులు మెరుస్తాయి. కానీ బ్యాటరీకి పనికొచ్చేలా శుద్ధి చేసే విద్య, ఫ్యాక్టరీలు ఎక్కువగా చైనాలో ఉన్నాయి.

సైబర్ టవర్స్ నుంచి దక్షిణానికి తిన్నగా గీత గీస్తే 8 కిలోమీటర్లలో గోల్కొండ కోట. అక్కడ అమ్ముడైన వజ్రాలు అక్కడ పుట్టినవి కావు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లోవి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 150 కిలోమీటర్ల లోతున, వెయ్యి డిగ్రీల వేడిలో, మన గాలి ఒత్తిడికి యాభై వేల రెట్లు నొక్కుడులో కార్బన్ వజ్రమవుతుంది. అది మామూలు బొగ్గేనని తేల్చినవాడు స్మిత్సన్ టెనెంట్. 1797లో వజ్రాన్ని కాల్చి, వచ్చిన వాయువుని కొలిచి, అంతే బరువు బొగ్గు నుంచీ అంతే వాయువు వస్తుందని చూపించాడు.

ఆ లెక్క కోహినూర్‌కి వేద్దాం. 105.6 క్యారట్లు, అంటే 21 గ్రాములు. పన్నెండు గ్రాముల కార్బన్ 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది కాబట్టి, కోహినూర్‌ని కాలిస్తే వచ్చేది 77 గ్రాములు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకి సగటున 700 గ్రాములు వెలువడతాయి. టన్నున్నర ఏసీ గంటకు యూనిట్‌న్నర తాగుతుందనుకుంటే, అది నాలుగున్నర నిమిషాలు నడిస్తే ఒక కోహినూర్ గాలిలో కలిసినట్టు. మీటింగ్ మొదలయ్యే ముందు 'అందరూ జాయినయ్యారా, నా మాట వినపడుతోందా' అనుకునే టైములో ఒకటి అయిపోతుంది.

ఆ కరెంటులో చాలా భాగం రాక్షసి బొగ్గుది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు పొర కనిపెట్టాడు. 1886లో, అంటే హాల్, హెరూ అల్యూమినియం తీసిన ఏడాదే, తవ్వడానికి లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. 1920లో అది సింగరేణి అయింది. ఇప్పుడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది.

ఇక్కడ మన లెక్క తలకిందులవుతుంది. కోక్ బట్టీలో, కాటుక పళ్లెంలో కార్బన్ మిగలాలి, మిగతావి పోవాలి. కరెంటు కేంద్రంలో కార్బన్ అంతా పోవాలి. మిగిలేది బూడిద, గోదావరి లోయ బొగ్గులో మూడో వంతు అటూఇటూ. రామగుండం ఎన్టీపీసీ పాత యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. పూర్తి జోరులో గంటకు 26 లక్షల యూనిట్లు, యూనిట్‌కి 700 గ్రాముల చొప్పున 1,800 టన్నుల బొగ్గు. పొగగొట్టంలోంచి గంటకు దాదాపు 2,500 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అలాంటి కేంద్రాల బూడిద లారీలెక్కి ఫ్లై యాష్ ఇటుకలై, సిమెంటై నార్సింగి, కోకాపేట టవర్ల గోడల్లోకి వస్తుంది. బొగ్గులో కార్బన్ కాని భాగమే ఇక్కడ మన పక్కన నిలబడింది.

పోయేదాన్ని పట్టుకోలేమా? రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో 2022 జనవరిలో ఒక చిన్న ప్లాంట్ మొదలైంది. బూడిద ఎక్కువున్న మన బొగ్గుని మండించకుండా వాయువుగా మార్చి, దాన్నుంచి మిథనాల్ తీస్తారు. రోజుకు 1.2 టన్నుల బొగ్గు పట్టే గ్యాసిఫయర్, పావు టన్ను మిథనాల్. బొగ్గులో 40 శాతం కార్బన్ అనుకుంటే లోపలికి వెళ్లేది 480 కిలోలు, మిథనాల్‌లో దక్కేది 94. అయిదో వంతు. సర్కారు తుమ్మ బట్టీ దీనికంటే ఎక్కువ మిగులుస్తుంది, అయితే ఇది ప్రయోగశాల సైజు ప్లాంటని మర్చిపోకూడదు.

రామగుండంలోనే ఎన్టీపీసీకి దగ్గర్లో యూరియా ఫ్యాక్టరీ ఉంది, ఆర్ఎఫ్‌సీఎల్. 1980లో ఇదే చోట బొగ్గు నుంచి యూరియా తీసిన పాత ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, 2021లో సహజవాయువుతో ఇది మొదలైంది. వాయువుని ఆవిరితో విడగొడితే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. హైడ్రోజన్ అమ్మోనియాలోకి పోతుంది, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి అదే అమ్మోనియాతో కలిపితే యూరియా. టన్ను యూరియాకి 733 కిలోలు. రోజుకు 3,850 టన్నుల సామర్థ్యం కాబట్టి, రోజంతా కష్టపడి కట్టేసేది 2,800 టన్నులు. ఇరుగున పొగగొట్టం గంటా పది నిమిషాల్లో వదిలేదంత.

కట్టేసిందైనా ఎన్నాళ్లు? బస్తా విప్పి మడిలో చల్లితే నేలలోని ఎంజైము కొద్ది రోజుల్లోనే యూరియాని విడగొట్టేస్తుంది. నత్రజని పైరుకి అందుతుంది, కార్బన్ డయాక్సైడ్ లేచి గాలిలో కలుస్తుంది. అదే మడిలో వరి మొక్క ఆ గాలిని మళ్లీ మొదటి నుంచి వడగట్టుకుంటుంది, కిలోకి పన్నెండు ఫ్లాట్ల చొప్పున.